తడి ఆరని స్తంభం

పరుగు... పరుగు!

వెనకాల బూట్ల చప్పుడు. వీధంతా కరెంటు లేదు. పాతపేట సందులు ఎంత ఇరుకంటే, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాల్సిందే. వడ్రంగికి అదే కలిసొచ్చింది. పుట్టి పెరిగిన సందులు మరి!

కాసేపటి క్రితమే చూశాడు. నిన్న కూలిన ఇంటి స్తంభం దానంతటది విరగలేదు. సగందాకా రంపంతో కోసి, కోత కనబడకుండా ఏదో ముద్దతో పూడ్చారు. లోపల పడుకున్న ముసలావిడ పోయింది. ఫోటో తీస్తుండగానే, పేట కొనాలని తిరుగుతున్న కాంట్రాక్టర్ మనిషి తుపాకీతో వెంటపడ్డాడు.

పరిగెడుతూనే అక్కకి ఫోన్ చేశాడు. రొప్పుతూ అంతా చెప్పాడు.

"ఇంకెవరికైనా చెప్పావా?" అంది అక్క.

"లేదు."

"పెద్దింటికి పో. మీ బావ అక్కడే పనిలో ఉన్నారు. తలుపు తీసి ఉంచమంటాను."

బావ! నాన్న దగ్గర తనతో పాటే ఉలి పట్టిన మనిషి. ప్రాణం లేచొచ్చింది.

ఒక ఇంటి గోడ పట్టుకుని పైకెక్కాడు. కప్పు మీంచి కప్పు మీదికి... పెంకులు కాళ్ల కింద జారాయి. చెవి పక్కనుంచి తూటా దూసుకుపోయింది!

పెద్దింటి పెరట్లోకి దూకాడు. చెక్కడాల తలుపు తెరిచే ఉంది. లోపల పడ్డాడు. బావ తలుపు మూసి అడ్డగడియ పెట్టాడు.

"బతికించావు బావా."

నిలబడలేక స్తంభానికి చెయ్యి ఆనించాడు.

తడి!

ఫోన్ లైట్ వేశాడు. అరచేతికి ఎర్రటి ముద్ద. చింతగింజల జిగురు, రంపపు పొట్టు... చిటికెడు ఇటుక పొడి. పాత కలప రంగు రావాలని నాన్న కలిపేవాడు. ఆ కిటుకు ఇద్దరికే నేర్పాడు.

రెండోవాడు ఎదురుగా ఉన్నాడు. చేతిలో రంపం!

నాన్న విద్య ఆ ముసలావిడ ప్రాణం తీయడానికి పనికొచ్చిందా?

"ఎందుకు బావా?"

"పేట కూలితే టవర్లు లేస్తాయి. అందులో మాకో ఫ్లాట్."

"అక్కకి తెలిస్తే నీ మొహం చూస్తుందా?"

బావ అతనివైపు జాలిగా చూశాడు.

"నిన్నిక్కడికి పంపిందెవర్రా?"

ఇంకెవరికైనా చెప్పావా... అక్క అడిగిన మొదటి మాట అదే. దెబ్బలేమైనా తగిలాయా అని అడగనే లేదు. చిన్నప్పుడు వేలికి ఉలి గీసుకుంటే తనకంటే ముందు ఏడ్చిన అక్క!

బయట బూట్లు ఆగాయి. బావ అడ్డగడియ తీశాడు.

చేతిలో ఫోన్ మోగింది. అక్క.

ఎత్తాడు.

"చేరావా తమ్ముడూ?"

"చేరానక్కా."

ఢాం!