గంతలు కట్టుకున్న గ్రహణం

ప్లిమత్‌లో ఉండే ఆంబ్రోస్ పెన్హేల్ నాలుగేళ్ళుగా లీడ్స్‌లోని మిస్ హెస్టర్ లౌండ్స్‌కి ప్రేమలేఖ రాయాలని కూర్చునేవాడు. లేచేసరికి అది ఆవిడ గ్రహణం లెక్కలో తప్పులు పట్టే ఉత్తరమై ఉండేది. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడి చుట్టూ మెరిసే కిరీటం గుండ్రంగా ఉంటుందని ఆవిడ, రేకులుగా ఉంటుందని అతను. ఈపాటి గొడవకి కొన్ని కాపురాలు నలభై ఏళ్ళు నడుస్తాయి.

తీరా గ్రహణం చూడడానికి ఖగోళ సంఘంవాళ్ళు స్పెయిన్‌లో ఒక కొండ మీద గుడారాలు వేస్తే, అక్కడ ఇద్దరూ మొదటిసారి ఎదురుపడ్డారు.

"పెన్హేల్ గారంటే మీరా? గడ్డం నెరిసిన పెద్దాయన అనుకున్నాను."

"ఎందుకలా అనుకున్నారు?"

"అంత చాదస్తం ఈ వయసుకే అబ్బుతుందనుకోలేదు."

అతను ఏదో తియ్యగా అనబోయి, "మీ దుర్భిణీ కాళ్ళు వంకరగా ఉన్నాయి" అన్నాడు.

సంఘం పెద్ద సర్ బార్తలోమ్యూ క్రిచ్లీ జంటలు కట్టి, ఒక్కో జంటని ఒక్కో దిబ్బ మీదికి తోలాడు. ఒకరు కిరీటం బొమ్మ గీయాలి. మసక వెలుగు కళ్ళకి ఆనాలి కనుక, ముందే గంతలు కట్టుకోవాలి. రెండోవాళ్ళు గడియారం చూస్తూ, చీకటి పడగానే గంతలు విప్పాలి.

ఒకే జంటలో పడ్డ వీళ్ళిద్దరూ బొమ్మ నేను గీస్తానంటే నేనని పోట్లాడుకున్నారు. చివరికి అతను ఆవిడకి గంతలు కట్టాడు. ఆవిడ తడుముకుంటూ అతనికి కట్టింది. ఇద్దరూ ఠీవిగా కూర్చున్నారు.

కాసేపటికి అతను అడిగాడు. "టైమెంతయింది?"

"గడియారం మీ దగ్గర కదా."

"ఉంది. కానీ నాకు గంతలున్నాయి."

"నాకూ ఉన్నాయి."

ఇంత చదువుకున్న ఇద్దరికీ ఆ సంగతి అప్పుడే తట్టింది. ముందే గంతలు విప్పినవాళ్ళ కళ్ళకి చీకటి అలవాటు పోతుంది, బొమ్మ రెండోవాళ్ళదవుతుంది. కాబట్టి కదలకుండా కూర్చున్నారు.

ఆవిడ మొహం కనబడకపోవడంతో అతనికి ధైర్యం వచ్చింది. "మిస్ లౌండ్స్, మీ లెక్కల్లో తప్పులు లేవు. ఒక్కటీ లేదు. ఉన్నాయని రాయకపోతే, మీరు జవాబివ్వరని భయం."

అంతలో చలిగాలి వీచింది. పిట్టలు నోరు మూసుకున్నాయి. కొండ కింద ఒక గాడిద బెదిరి ఓండ్రపెట్టింది.

"చీకటి పడింది" అని అతను గంతల మీద చెయ్యి వేశాడు.

ఆవిడ ఆ చెయ్యి వెతికి పట్టుకుంది. "విప్పకండి. కళ్ళు తెరిస్తే మళ్ళీ ఉత్తరంలా మాట్లాడతారు. కానివ్వండి."

"గ్రహణం పోతుందండీ."

"ఇంకోటి వస్తుంది. మీకీ ధైర్యం మళ్ళీ వస్తుందా?"

రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అందుకని మిగతాది అడిగేశాడు. ఆవిడ జవాబు చెప్పేలోగా కోళ్ళు కూశాయి, మొహాన ఎండ తగిలింది, కింది నుంచి సర్ బార్తలోమ్యూ ఆయాసపడుతూ వచ్చాడు.

"ఏదీ, బొమ్మ?"

కాగితం తెల్లగా ఉంది.

"మబ్బు చుక్క లేదు కదమ్మా. ఏం చూశావు?"

"ఏమీ చూడలేదు సర్" అంది హెస్టర్, గంతలు మడతపెడుతూ. "అంతా విన్నాను. సరేననుకున్నాను కూడా, ఈయనకింకా చెప్పలేదు గానీ."

పెన్హేల్ గడియారం గడ్డిలో పడింది.

సర్ బార్తలోమ్యూ ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "ఆకాశం నిర్మలంగా ఉందని నేను రాసుకుంటాను. తక్కినది మీ అమ్మగారికి నువ్వే రాసుకో తల్లీ."