గుహలో మూడు పిలుపులు

ఆదివారం… ఆషాఢ అమావాస్య… మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

నడినెత్తిన ప్రజ్వరిల్లవలసిన సూర్యుణ్ణి కారుమేఘాలు కబళించాయి. ఫెళఫెళమంటూ పిడుగులు దిక్కులను పగలగొడుతున్నాయి. పట్టపగలే ఒక గుడ్లగూబ, గబ్బిలాల గుట్ట మీది మోడుపై కూర్చుని, గుహవైపు నడుస్తున్న ముగ్గురినీ మెడ తిప్పి తిప్పి చూస్తోంది…

ముందు పద్మనాభం. పేరులో పద్మం ఉందన్నమాటే గానీ మనిషిలో కనిపించేది నాభి ఒక్కటే. టీషర్టును తోసుకుని గజం ముందుకొచ్చింది. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజారులో, ఓ టైలరు కొట్టు మీది గదికి 'సాహస విహార్' అని బోర్డు కట్టి, కంప్యూటర్ల ముందు నడుములు వంగిపోయిన కుర్రకారును ఆదివారాలు గుహలకు తిప్పుతుంటాడు.

అతని వెనుక వరహాలబాబు. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి సాఫ్ట్‌వేరు కంపెనీలో టెస్టరుగా చేరినవాడు. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో బగ్గులు పట్టడం ఉద్యోగం. ఆ బగ్గుల బాబు ఇంకో గంటలో బుగ్గి కావలసి ఉందని గుడ్లగూబకు తెలుసు… అతనికి తెలియదు! గుహ అంటే అతనికి ఊహే తప్ప అనుభవం లేదు. మోండా మార్కెట్లో గీచి గీచి బేరమాడి కొన్న టార్చి అప్పుడే టార్చరు మొదలెట్టింది. తడితే వెలుగుతుంది, మానితే ఆరుతుంది.

చివర అతని భార్య సాయిదుర్గ. పెళ్ళై మూడు నెలలు.

"ఏటండీ ఇది? ఊటీ తీసుకెళ్ళమంటే బొరియలోకి తెచ్చారు!"

"ఊటీలో ఏటుంది, చలి. ఇక్కడ థ్రిల్లు!"

"థ్రిల్లో డ్రిల్లో… నా మోకాలి చిప్పలు అరిగిపోతన్నాయి. వస్తామన్న మిగతా నలుగురూ ఏరండీ?"

"క్యాన్సిల్ అయిన్రమ్మా," అన్నాడు పద్మనాభం వెనక్కి తిరక్కుండానే. "జెర జల్ది నడువుండ్రి."

గుహ ముఖద్వారం దగ్గర మక్క కంకులు కాలుస్తున్న ఎల్లమ్మ అనే ముసలిది వరహాలబాబు చొక్కా కొస పట్టి లాగింది.

"కొత్తగ వచ్చినవా బిడ్డా? లోపలున్నది మహా మొండిది. ఎవడన్న దానికి మనిషిని ఇస్తనని మూడుసార్ల పిలిచి, మూడుసార్ల చెప్పిన ముచ్చట తప్పైతే… పిలిచినోణ్ణే గుంజుకపోతది! యాదికుంచుకో!"

"ఏయ్ ఎల్లమ్మా! కంకులు అమ్ముకో, కతలు అమ్మకు!" గర్జించాడు పద్మనాభం. ఆ గర్జనకు గుహలోంచి ఏదో… ఆవులించినట్టు… బదులొచ్చింది!

లోపల దారి మనిషి వెడల్పు కూడా లేదు. మోచేతుల మీద పాకాలి. గబ్బిలాల రెట్ట కంపు గొంతులోకి దిగుతోంది. వెన్నుకు పైరాయి తగులుతోంది, రొమ్ముకు కిందిరాయి తగులుతోంది. మధ్యలో ఊపిరికి చోటు లేదు. తొలిసారి గుహలో దూరినవాడికి తన గుండె చప్పుడే ఎవరో తరుముకొస్తున్న అడుగుల్లా వినిపిస్తుంది. వరహాలబాబు రెండుసార్లు వెనక్కి తిరగబోయాడు… తిరగడానికి వీల్లేదు!

ఎట్టకేలకు దారి విచ్చుకుని ఒక మహాకుహరంలోకి దిగింది. పద్మనాభం లాంతరు పైకెత్తాడు.

కుంకుమతో గీసిన రక్తవర్ణ వలయం… దాని మధ్య నిమ్మకాయల నడుమ ఒక కపాలం… ఆ వెనుక రాతి అరుగు మీద, వరుసగా, కాన్వాసు బూట్లు! జతలు జతలుగా! ఒక్క జతకూ మడమ అరగలేదు. అన్నీ తొలి ప్రయాణానికి కొన్నవే!!

"పద్మనాభం గారూ… వీళ్ళంతా ఏరండీ?"

పద్మనాభం వలయంలోకి నడిచి వికటాట్టహాసం చేశాడు. "ఈడనే ఉన్నరు సార్! నా ఒంట్ల! నూట ముప్పై ఏండ్లు నాకు. ఎట్ల బతుకుతున్న? గిట్లనే! ఎన్నడూ గుహ తొక్కనోని ఆయుష్షు మింగి!"

హ్రీంకారాలతో రాళ్ళు దద్దరిల్లాయి. కపాలపు కళ్ళలోంచి నల్లటి ధూమం లేచి సాయిదుర్గ ముక్కుపుటాల్లోకి చొరబడింది. కెవ్వున కేక! జుట్టు విరబోసుకుపోయింది. కనుగుడ్లు తెల్లబడ్డాయి. ఆమె నోట్లోంచి ఆమెది కాని గొంతు ఘూర్ణిల్లింది: "ఆకలి… ఎవడు? ఎప్పుడు పుట్టినవాడు?"

పద్మనాభం ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీశాడు. వరహాలబాబు పదో తరగతి సర్టిఫికెట్ జెరాక్స్! వెనకటి రోజుల్లో జాతకాల కోసం ఇళ్ళకు కన్నాలు వెయ్యవలసి వచ్చేది. ఇప్పుడా తక్లీఫు లేదు. సాఫ్ట్‌వేరు జనం ఎవరడిగినా సర్టిఫికెట్ల ఫైలు తెరిచి చేతిలో పెడతారు.

"ఇన్సూరెన్సుకు అంటె అటెస్టు చేపిచ్చి మరీ ఇచ్చినవ్! షాబాష్!" అని, గొంతు చించుకున్నాడు: "వరహాలబాబు! డెబ్బై మూడు, జూలై ఒకటో తేదీన పుట్టినవాడు! స్వీకరించు!"

సాయిదుర్గ నాలుగు కాళ్ళ మీద పాకుతూ వచ్చింది. మొగుడి మెడ మూరెడు దూరం నుంచి వాసన చూసింది.

"వీడు… వాడు కాదు!"

ఆ క్షణంలో వరహాలబాబుకు బగ్గు దొరికింది!

ఊరి బడిలో చేర్పించడానికి తల్లి ముసలమ్మ తీసుకెళ్ళినప్పుడు, "ఎప్పుడు పుట్టాడమ్మా?" అనడిగారు హెడ్మాస్టరు జీవరాజు. "గాలివాన ఎలిసిన మూడోనాడు బాబూ" అంది ముసలమ్మ. రిజిస్టరులో గాలివానకు గడి లేదు. చేరిన పిల్లలందరికీ వేసినట్టే జూలై ఒకటి వేసేశారు మాస్టారు. అసలు రోజు తల్లీకొడుకులకే తెలుసు. పెళ్ళి కూడా పేరుబలం చూసే జరిగింది.

పద్మనాభం నడుములోంచి లాగిన కొడవలి సాయిదుర్గ కంఠాన ఆనింది. "తారీఖు తప్పా? అసలుది చెప్పురా! చెప్పకపోతె ఆకలి మీదున్నది నీ పెండ్లాన్నే తింటది!"

ఆమె ముక్కులోంచి నెత్తురు ధారకట్టింది. వరహాలబాబు నోరు తెరిచాడు. అసలు తేదీ నాలుక చివరికి వచ్చింది. చెబితే తను పోతాడు… ఆమె బతుకుతుందేమో. చెప్పకపోతే? ఎల్లమ్మ మాట ఒక్కటే దిక్కు. కంకులమ్మే ముసలిదాని మాట మీద పెళ్ళాం ప్రాణం పెట్టడమా?

మొదటి పిలుపు అయిపోయింది. ఇంకా రెండు!

"జూలై ఒకటే!" అని అరిచాడు. "గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాడు, చూసుకో! నీ దెయ్యం తప్పు గాని ప్రభుత్వం తప్పవుతుందేటి?"

పద్మనాభం లాంతరు దగ్గర పెట్టి చూశాడు. సంతకం… గుండ్రటి ముద్ర… ఆకుపచ్చ సిరా! నూట ముప్పై ఏళ్ళ మాంత్రికుడు ముద్రకు లొంగిపోయాడు.

"జూలై ఒకటి! స్వీకరించు!!"

"కాదు!!" సాయిదుర్గ విల్లులా వంగి కూలిపోయింది. ఊపిరి ఆగినట్టయింది. వరహాలబాబు నాలుకను పళ్ళ మధ్య బిగించాడు. ఉప్పగా నెత్తురు… అయినా విప్పలేదు.

పద్మనాభం ఉన్మత్తుడై కాగితాన్ని కపాలం నొసటికేసి కొట్టాడు. "రాసి ఉన్నదే! ముద్ర ఉన్నదే! జూలై ఒకటీ!!! స్వీకరించూ!!!"

నిశ్శబ్దం…

టక్… టక్…

అరుగు మీది బూట్లు దిగాయి! ఒక్కొక్క జతా, కాళ్ళు లేకుండా, వలయంవైపు నడిచాయి. కుంకుమ గీత చెరిగింది. సాయిదుర్గలోంచి వెడలిన ధూమం ఆకాశమంత నోరు తెరిచింది.

"నేను గాదు! వాడు! వాడు!!" పద్మనాభం కేక సగంలోనే ముసలిదైంది. జుట్టు రాలింది, పళ్ళు రాలాయి. అరువు తెచ్చుకున్న ఏళ్ళన్నీ ఒక్కొక్క జత బూట్లలోకి తిరిగి పోతుంటే ఆ మహానాభి తిత్తిలా ముడుచుకుపోయింది. చివరికి పిడికెడు బూడిద… దాని మీద ఆకుపచ్చ సంతకంతో ఒక జెరాక్సు కాగితం!

వరహాలబాబు సాయిదుర్గ ముక్కు దగ్గర వేలు పెట్టాడు. వెచ్చటి ఊపిరి! ఆమెను రెండు చేతుల మధ్యా లాక్కుంటూ, మోచేతులు చెక్కుకుపోతున్నా ఆగకుండా పాకాడు. దారి చివర నాణెమంత వెలుగు కనిపించింది. ఎల్లమ్మ కంకులు కాలుతున్న వాసన. ఇంకో రెండు బారలు…

"ఏటండీ…" సాయిదుర్గ గొంతు. నీరసంగా, ముద్దుగా. "ఇంతకీ మీ అసలు పుట్టినరోజు ఎప్పుడండీ?"

ప్రాణం లేచొచ్చింది అతనికి. పెళ్ళాం మాట్లాడింది! చెప్పడానికి నోరు తెరుస్తూ, టార్చిని తట్టి ఆమె ముఖం చూశాడు.

పెదాలు మూసి ఉన్నాయి. ఆమె ఇంకా స్పృహలోకి రాలేదు.

గొంతు వచ్చింది వెనుక నుంచి… చీకట్లోంచి!

"జూలై ఒకటి!" అని గుట్ట అదిరేలా అరిచి, భార్యను పొదివిపట్టుకుని, వరహాలబాబు వెలుతురులోకి దూకాడు.