ఉదయ్ భాస్కర్ కారులో మిగిలిన పెట్రోలు

ఆ కారులో ఎవరూ చావలేదు. మా ఖాజాగూడ గల్లీలో ఎవరైనా పోతే ఇంట్లోవాళ్ల కన్నా ముందు నాకే తెలుస్తుంది. కాబట్టి ఆ అనుమానం మొదటే తీసేయండి.

కారు ఉదయ్ భాస్కర్‌ది. మా పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాడు. నాలుగేళ్ల కిందట కోకాపేటలో ముప్పయ్యో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని, "కారు రేపొచ్చి తీసుకెళ్తానండి" అని వెళ్లాడు. అంత ఎత్తు నుంచి దిగి రావడానికి టైము పడుతుంది మరి. మొన్న సంతకాలు పెట్టిన కాగితాలు పంపాడు, తుక్కుకు ఇచ్చేయమని. జీడిమెట్ల తుక్కు షాపువాళ్లు శుక్రవారం పొద్దున బండి పంపుతామన్నారు. గ్యాస్ కట్టర్‌తో కోస్తారు కాబట్టి ట్యాంకులో పెట్రోలు ఉంటే ముందే తీసి పెట్టమన్నారు. ఎవరు తీస్తారులే అని ఊరుకున్నాను.

గురువారం సాయంత్రం గాలివాన వచ్చింది. వీధి చివర స్తంభం ఒరిగి కరెంటు పోయింది.

మా ఆయన ఏడాదిగా ఆక్సిజన్ మిషన్ మీద ఉన్నాడు. కరెంటు ఉంటేనే మిషన్, మిషన్ ఉంటేనే ఆయన. ఇన్వర్టర్ గంట లాగి ఆగిపోయింది. చెరువు మలుపులో నీళ్లు నిలిచాయి, రెండు గంటలు పడుతుందన్నారు అంబులెన్సువాళ్లు. ఇంట్లో చిన్న జనరేటర్ ఉంది, దాంట్లో చుక్క పెట్రోలు లేదు. ట్యాంకర్ల సమ్మె మూడో రోజు. బంకులకు అడ్డంగా తాళ్లు కట్టేశారు, గల్లీలో స్కూటర్లన్నీ ఎండిపోయి ఉన్నాయి. ఎదురుగా అపార్టుమెంటు టవర్లు మాత్రం పెళ్లివారి ఇళ్లలా వెలుగుతున్నాయి. వాళ్ల జనరేటర్ మా ఇల్లంత ఉంటుంది. కాకపోతే అది డీజిల్‌ది.

ఆయన కాలి బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టాను. ఎనభై రెండు. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

కింద పోర్షన్‌కు పరిగెత్తాను. అక్కడ నారాయణప్ప ఉంటాడు. అనంతపురం డిపోలో ముప్పై ఏళ్లు బస్సుల మెకానిక్. కొడుకు కరెంటు కారు కొన్నప్పటి నుంచి ఈయనకు ఇంట్లో పని లేదు, తన రిటైర్మెంటు సన్మానం గురించి చెప్పడమే పని.

"ఆ కారుల పెట్రోలుంటదా, పెద్దాయనా?"

"నాలుగేండ్ల నాటిది యాదమ్మా. ఒగటి రెండు లీటర్లు ఉంటాది. మండుతాదో లేదో."

"మండుతది. మండాలె."

కారు ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. లోపల చీకటి. టార్పాలిన్ ఎత్తగానే ఎలుకల వాసన, దాని కింద కుళ్లిన సీట్ల వాసన. రేకుల మీద వాన. నేను ఫోను లైటు పట్టుకున్నాను. నారాయణప్ప సన్నటి ప్లాస్టిక్ పైపు, క్యాను తెచ్చాడు. తెచ్చి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయాడు.

"ఏందిది?"

"తుక్కుకు పొయ్యే బండిలోనుంచి ఏం తీసినా ముందు టెంకాయ కొడతాము డిపోలో. ఊరికే తీయగూడదు."

"పైన మనిషి పోతుండు. టెంకాయ యాడికెళ్లి తేవాలె? దానికేం కావాల్నో అదే తీస్కుంటది. నువ్వు తీ."

ఆయన చటుక్కున చెయ్యి తీసేశాడు. "అట్ల అనగూడదు తల్లీ..."

అనేశాను. నా నోరు సంగతి ఊరందరికీ తెలుసు.

ఆయనవి కట్టుడు పళ్లు, పైపు పీల్చలేడు. నేనే కూర్చున్నాను. మూత తీసి పైపు దింపాం. బలంగా పీల్చాను. గాలి వచ్చింది. పుల్లటి వార్నిష్ వాసన.

మళ్లీ పీల్చాను. ఏమీ రాలేదు.

మూడోసారి పీల్చి, ఊపిరి తిప్పుకుందామని ఆగాను. పైపు ఇంకా నోట్లోనే ఉంది.

అప్పుడు... అవతలి నుంచి పీల్చారు.

నా బుగ్గలు లోపలికి పోయాయి. నాలుక పైపు మూతికి అతుక్కుంది. నా గుండెల్లో గాలి నా ప్రమేయం లేకుండా, నెమ్మదిగా, దాహంతో ఉన్నవాళ్లు నీళ్లు తాగినట్టు... గుటక గుటకగా పోతోంది. అరుద్దామంటే గాలి లేదు. నారాయణప్ప భుజం మీద కొట్టాను. ఆయన నా నోట్లోంచి పైపు లాగి క్యానులోకి వంచాడు.

నేను నేల మీద పడ్డాను. పైపులోంచి పెట్రోలు క్యానులోకి కారుతోంది.

"ఏమైంది?" గుసగుసగా అడిగాడు.

"లోపల ఎవరో ఉన్నరు."

"ట్యాంకులోనా?"

   ఇద్దరం క్యాను వంకే చూస్తూ కూర్చున్నాం. భయపడి వదిలేస్తే పైన మనిషి ఉండడు. లీటరున్నర వచ్చింది.

జనరేటర్ ఐదుసార్లు దగ్గి అందుకుంది. దీపాలకు సరిపోదని మిషన్ ఒక్కటే తగిలించాను, గదికి నేల మీది ఫోను లైటే దిక్కు. మిషన్ మొదలైంది. గొట్టం ఆయన ముక్కుకు పెట్టాను. ఎనభై నాలుగు. ఎనభై తొమ్మిది. తొంభై మూడు. పెదాలకు రంగు తిరిగొచ్చింది. నారాయణప్ప గుమ్మం దగ్గరే దండం పెట్టి కిందికి వెళ్లిపోయాడు. నేను మంచం పక్కన నేల మీద కూలబడి, చాలా ఏళ్ల తర్వాత నోరు మూసుకున్నాను.

కాసేపటికి ఆయన కదిలాడు. కళ్లు తెరవకుండానే మంచం మీద గోడవైపు జరిగాడు. ఇంకొకరికి చోటిచ్చినట్టు.

"ఏందయ్యా?"

"జర ఆగు యాదీ." ముక్కు నుంచి గొట్టం తీశాడు. "పాపం, ఈమెకు అందుతలేదట."

"ఎవరికి?"

 గొట్టాన్ని ఖాళీగా ఉన్నవైపు చాపాడు. బుస్సుమంటున్న గాలి చప్పుడు గుటక వేసినట్టు ఆగింది. మళ్లీ వచ్చింది. ఆగింది. వచ్చింది. బయట జనరేటర్ ఒకే తీరుగా ఆడుతోంది.

కాలివేలి క్లిప్పులో తొంభై. ఎనభై ఆరు. ఎనభై.

"ఇటియ్యి," అని గొట్టం పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు. వదలవయ్యా, నీ కాళ్లు మొక్కుత, అని ఏడుస్తూ ఫోను లైటు ఆయన మీదికి తిప్పాను.

ఆయన చేతులు రెండూ దుప్పటి లోపల ఉన్నాయి.