ఎదురు సందు

ఆ సందులోకి ఒక్కలు ఎల్లకూడదు, ఇద్దరు ఎల్లకూడదు, అసలు ఎల్లనేకూడదు అనేవోరు మా తోట జనం. మా పెద్దోల్లు ఓడెక్కి వచ్చిన పెరాక్ రాష్ట్రంలో మేం పుట్టిన రబ్బరు తోటలో, మా ఇల్ల ఎనకాల ఒక సున్నపురాయి కొండ ఉంది. ఆ కొండని నిలువునా కత్తి పెట్టి కోసినట్టు ఒక సందు. కింద ఇసక, రెండు పక్కలా రాయి. భుజాలు రాసుకోకుండా ఎవులూ నడవలేరు. మిట్టమధ్యాన్నం కూడా లోపల మసకే...

దాని పేరు ఎదురు సందు. లోపల ఎవులో ఎదురొస్తారని ఆ పేరు.

నవ్వుతున్నారా? నవ్వండి. మా తమ్ముడి కొడుకు విక్నేష్ కూడా నవ్వినాడు. పోర్ట్ క్లాంగ్‌లో లారీలు పంపించే పని ఆడిది. రోజంతా అరుపులే, ఆ అరుపులు ఇంటికి కూడా మోసుకొస్తాడు. "అందరూ ఎల్తన్నారత్తా, ఫోన్లో సూసినాను, బలే ఉంది" అన్నాడు. వద్దురా అంటే నా మీద ఇంతెత్తున లేచినాడు. పోనీ ఎల్లేముందు కావిడి కేకైనా ఎయ్యరా అని బతిమాలినాను.

ఆ కేక ఏటంటే... రబ్బరు సెట్లు కొండకి అవతల, రబ్బరు పాలు పోసే కొట్టు ఇవతల. కావిడికి ముందొక బాల్చీ, ఎనకొక బాల్చీ కట్టుకుని ఎనకటి రోజుల్లో మా ఆడోల్లు ఆ సందులోంచే మోసేవోరు. కావిడి భుజాన ఉంటే లోపల ఎనక్కి తిరగడానికుండదు. అందుకని సందు మొదట్లో నిలబడి "కావిడొస్తందా" అని మూడుసార్లు కేకెయ్యాలి. లోపల్నుంచి ఎవులైనా పలికితే ఆగాలి. ఒకేల ఎదురుపడిపోతే ఉత్తి సేతులోడు ఎనక్కెల్లాలి. బరువున్న మనిషిదే దారి.

విక్నేష్ కేకెయ్యలేదు.

మొన్న ఆదివారం, పగలు పదకొండింటికి, ఆడూ ఆడి పెల్లాం చందనా లోపలికెల్లినారు. ముందు ఆడు, ఎనక అది. సగం దూరం పోయేసరికి కొండ అవతల ఉరిమింది. అక్కడ వాన పడితే ఆ సందే ఏరైపోతాది. చందన కాలు అప్పటికే బెణికింది. "ఎనక్కెల్లిపోదాం" అన్నాది. ఆడికి కోపం తలకెక్కినాది. "ఇంత దూరం తగలడి ఇప్పుడు ఎనక్కా? నోర్మూసుకుని నడు" అన్నాడట. ఇంటుంటేనే నాకు ఒల్లు మండిపోయింది.

ఇంకో పదడుగులు ఏసినారో లేదో — పుల్లటి వాసన.

రబ్బరు పాలు ఇరిగిపోయిన వాసన.

తరవాత సప్పుడు. బాల్చీ రాతికి తగిలి... ఆగి... మల్లీ తగిలి...

మలుపులోంచి ఒక ఆడమనిషి వచ్చినాది. తలకి గుడ్డ, భుజాన కావిడి. బాల్చీలో అంచుదాకా తెల్లగా పాలు. తోటలో పనిమనిషి అనుకున్నాడు ఈడు. ఆ తోటలో రబ్బరు సెట్లు కొట్టేసి పామాయిల్ ఏసి ముప్పయ్యేల్లయింది, ఆ మాత్రం ఆలోచన లేదు.

"ఎనక్కెల్లు" అన్నాదట మెల్లిగా.

"నువ్వే ఎల్లు. నేను సగం పైన వచ్చినాను."

"బరువుంది. ఎనక్కెల్లు."

"నాకు లేదా బరువు?" అని ఈపు మీద సంచీ సూపించినాడట. అందులో ఉన్నది రెండు నీల్ల సీసాలు, ఒక రొట్టె.

ఆ మనిషి కదల్లేదు. ఈడూ కదల్లేదు. ఆమె కల్లల్లో అంత కోపం ఎక్కడా సూడలేదత్తా అన్నాడు. అది సూసి కూడా తగ్గలేదు మరి.

కాల్ల కింద ఇసక తడిసినాది. మడమల దాకా ఎర్రనీల్లు... పిక్కల దాకా...

చందన ఆడి సంక కిందనుంచి తొంగి సూసినాది. "ఎవులితో గొడవ?" అని గుసగుసగా అన్నాది. "ముందర ఎవులూ లేరు."

"నీకు కనపడ్డం లేదా? ఈవిడే ఎల్లాలి. నేనెల్లను."

"నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే ఉంటాను" అన్నాది ఆ పిచ్చిది.

నీల్లు మోకాల్లకొచ్చినాయి. అప్పుడు అది రెండు సేతులతో ఆడి సంచీ పట్టీ పట్టుకుని లాగినాది. బెణికిన కాలితో, ఎనక్కి ఎనక్కి నడుస్తా, అంత మనిషినీ ఈడ్చుకొచ్చినాది. బైటికొచ్చి పక్క రాయెక్కినారు. అంతే — సందులోంచి నీల్లు మనిషెత్తున తన్నుకొచ్చినాయి, ఒక సెట్టు మొద్దుతో సహా.

మర్నాడు ఆడొక్కడే పట్నంలో, బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో ఉన్న మా ఇంటికొచ్చినాడు. ఇదంతా సెప్పి, గొంతు తగ్గించి, చందనకి సెప్పని మాట ఒకటి సెప్పినాడు.

"చందన నన్ను లాగుతుంటే ఆవిడ అన్నాదత్తా... 'మల్లీ నువ్వేనా కిరాణీ' అని. నన్నెప్పుడు సూసింది? కిరాణీ ఎవులు?"

నాకొచ్చింది భయం కాదు, కోపం.

కిరాణీ అంటే తోటలో హాజరు పిలిచే గుమాస్తా. మా తోటకి కిరాణీ మా తాత నారాయణస్వామే. ఉత్తి సేతులతో ఆ సందులో ఒక కావిడికి ఎదురుపడి, "నేను కిరాణీని, నువ్వే ఎనక్కెల్లు" అన్నాడు. ఆమె పేరు పాపమ్మ. తిరగలేక, కావిడితో అడుగడుగూ ఎనక్కి ఏస్తంటే అవతల్నుంచి నీల్లొచ్చినాయి. అప్పుడు మాత్రం మా తాతకి ఎనక్కెల్లడం సేతనైంది. పరిగెత్తి బైటపడినాడు, ఆమె నీల్లలో కొట్టుకుపోయింది. ఏట్లో జారిపడింది పాపమ్మ అని అందరికీ సెప్పినాడు. మా నానమ్మ పోయేముందు నాకొక్కదానికే నిజం సెప్పి, పరువు పోతాదే, ఎవులికీ అనకు అన్నాది. నలభయ్యేల్లు నేనూ నోరు మూసుకుని కూకున్నాను. థూ, నా బతుకు.

ఈడు పుట్టినప్పుడు అచ్చం తాత మొహమే అని ఇల్లంతా మురిసిపోయినాం.

"సెప్పత్తా... ఎవులు కిరాణీ?" అని మల్లీ అడిగినాడు.

"లోపలికెల్లి అద్దంలో సూసుకోరా" అన్నాను.