రెండున్నర అడుగుల జాగా

జకర్యా మైకు కిందే పడి చనిపోయాడు.

మెట్టుగూడలో చిన్న ఇల్లు. ఉన్న గదుల్లో ఒకదానికి గోడల నిండా ఫోమ్ అంటించి, ఆరాధన పాటలు రికార్డు చేసుకునేవాడు. ఆస్తమా మనిషి. ఇన్‌హేలర్ మాత్రం హాల్లో టీవీ మీద దొరికింది. దుమ్ము దులుపుతూ దాన్ని అక్కడ పెట్టింది భార్య మేబెల్. పెట్టి, మరిచిపోయి, చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన చల్లబడి ఉన్నాడు.

ఆ సమయంలో హాల్లో దివాన్ మీద పడుకుని మ్యాచ్ చూస్తున్నది ఆయన తమ్ముడు యేసురాజు. గది సౌండ్‌ప్రూఫ్ అనీ, తనకేమీ వినపడలేదనీ అన్నాడు. వచ్చిన కానిస్టేబుల్ ఫోమ్ చూసి అదే రాసుకున్నాడు. సమాధి మట్టి ఆరకముందే, వదినే అన్నను చంపిందని యేసురాజు ఫిర్యాదు ఇచ్చాడు. సంఘమంతా తిరిగి చెప్పాడు కూడా. పాపం, మేబెల్ కూడా నమ్మేసింది. ముద్ద ముట్టడం మానేసింది.

విచారణకు వచ్చిన ఎస్సై కాంతమణి మాత్రం ఆ గది తలుపు దగ్గరే ఆగిపోయింది. స్లైడింగ్ డోర్. మూసి చూసింది. పక్కన వేలు దూరేంత సందు.

"స్టూడియోకి ఇలాంటి తలుపా? ఎవరు పెట్టమన్నారు?"

మేబెల్ మెల్లగా చెప్పింది. ఆయన అడిగింది రబ్బరు బీడింగ్‌తో బిగుతుగా మూసుకునే మామూలు తలుపు. లోపలికి తెరిస్తే కీబోర్డుకు తగులుతుంది. బయటికి తెరవాలంటే హాల్లో రెండున్నర అడుగుల జాగా కావాలి. అక్కడ యేసురాజు దివాన్ ఉంది. జరపనన్నాడు. మడత తలుపు చూశారు, లొడలొడలాడింది. చివరికి ఇది మిగిలింది.

"టీవీ గట్టిగా పెడితే ఆ చప్పుడు పాటలో పడిపోయేదండి," అంది మేబెల్.

"ఆ రోజు రికార్డింగ్ ఎవరు ఆపారు?"

"నేనే. సేవ్ చేసి ఆపాను. వినే ధైర్యం చాలలేదు."

కాంతమణి వదినామరుదులను కూర్చోబెట్టి ఆ రికార్డింగ్ పెట్టింది.

సగం పాట. వెనక సన్నగా క్రికెట్ కామెంటరీ. దగ్గు. కుర్చీ పడిన చప్పుడు.

"రాజూ... ఇన్‌హేలర్... టీవీ మీద ఉంది. జెర ఇయ్యిరా."

కామెంటరీ పెరిగింది. జకర్యా మళ్లీ పిలిచాడు. కామెంటరీ ఇంకా పెరిగింది.

"లోపలికి కామెంటరీ వచ్చిన సందులోంచే ఆయన మాట బయటికొచ్చింది," అంది కాంతమణి. "వాల్యూమ్ ఎవరు పెంచారు?"

యేసురాజు దివాన్ వైపు చెయ్యి చూపించాడు.

"నాకు పండుకోను రూం లేదు మేడమ్. ఆయనకు పాటలకు సుత రూం గావాలె. రోజూ టీవీ తగ్గియ్యమని సతాయిస్తుండె. గదే అనుకున్న."

"ఇన్‌హేలర్ అన్న మాట మీకు వినపడలేదా?"

 

మేబెల్ లేచి మరిది ముందుకొచ్చింది. అన్ని రోజుల తర్వాత మొదటిసారి తలెత్తింది.

"తలుపేసి ఉన్నా నీకు వినపడుతుందని ఆయనకు తెలుసు రాజూ. అందుకే ఊపిరున్నంతసేపూ నిన్నే పిలిచాడు."