యాభై రెండు పౌన్ల బిగువు

"ఇవి నిన్న సాయంత్రం నేను బిగించినవే కదా మేడమ్?"

రాకెట్లకు తీగలు బిగించే స్ట్రింగింగ్ గదిలో ఆమె తన ఆరు టెన్నిస్ రాకెట్లనూ అతని బల్ల మీద పెట్టింది. "అవును. విప్పేసి మళ్లీ బిగించండి."

"ఒక్కదానికీ స్ట్రింగ్ తెగలేదు."

"తెగితేనే తేవాలని రూలుందా?"

"లేదు. కానీ వీటిలో మూడింటికి బంతే తగల్లేదు. తగిలితే నూగు అంటుకునేది."

ఆమెకు ఒళ్లు మండింది. అప్పుడు ఉదయం ఆరున్నర. టోర్నమెంట్ మొదలవడానికి మూడు రోజులుంది. అతను తాళం తీయకముందే వచ్చి గుమ్మంలో నిలబడింది, ఇలా మాటలు పడడానికా?

"యాభై అయిదు పౌన్ల బిగువు," అంది. "మాటలు కాకుండా."

నిరుడు ఇదే నెలలో ఆమె ప్రపంచంలో నాలుగో ర్యాంకు. ఇప్పుడు అరవై మూడు. వరసగా ఏడు టోర్నమెంట్లలో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. డాక్టరు భుజం చూసి బాగుందన్నాడు. కోచ్ ఆమె సొంత బాబాయే. ఏడో ఏట ఆమె చేతికి రాకెట్ ఇచ్చిన మనిషి. ఆమె సర్వీసు వీడియోలు చూసి చూసి కళ్లజోడు మార్చుకున్నాడు తప్ప కారణం కనిపెట్టలేకపోయాడు.

రెండో సర్వీసుకు బంతి పైకి విసిరాక చెయ్యి తన మాట వినడం మానేసింది. ఎందుకో తెలియక ఆమె రాకెట్ల మీద పడింది. పొద్దున ఆరు రాకెట్లు, సాయంత్రం మళ్లీ ఆరూ. ఆ గదిలో అతనికి ఇంకొకరి పని చూసే తీరిక లేకుండా పోయింది. ఆమె అతనికి బిగువు మాస్టారని పేరు పెట్టింది.

"మాస్టారూ, యాభై అయిదు రాయిలా తగులుతోంది. నలభై ఎనిమిది చెయ్యండి," అంది మర్నాడు పొద్దున.

సాయంత్రం మళ్లీ వచ్చింది. "ఇది దూదిలా ఉంది. బంతి గోడ దాటిపోతోంది."

"కూరలో ఉప్పెక్కువైందని నీళ్లు, నీళ్లెక్కువయ్యాయని ఉప్పు. చివరికి తినేదేముంటుంది మేడమ్?"

"వంట కూడా చేస్తారా?"

"తింటాను."

నవ్వొచ్చింది గానీ ఆమె నవ్వలేదు. నవ్వితే ఆ గదిలోకి మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందో తెలిసిపోతుందనిపించింది.

మూడోనాడు మధ్యాహ్నం వాన. ప్రాక్టీసు ఆగింది. ఆమె స్టూలు లాక్కుని అతని పని చూస్తూ కూర్చుంది. అతను బిగించే యంత్రం మీద ఒక స్ట్రింగ్ లాగి, జారకుండా క్లిప్పు పెట్టి, ఇంకొకటి ఎక్కించేవాడు. మధ్యలో ఒకసారి తలెత్తి చూశాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దంలోనూ అతనే కనిపించాడు.

"ఒకటి చెప్తాను, ఎవరికీ చెప్పకండి," అంది.

"చెప్పను."

"అందరూ నేను ఓడిపోతానని భయపడుతున్నాననుకుంటున్నారు. పోయిన నెల ఓడిపోయాక హాయిగా అనిపించింది. ఆ రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయాను. నా భయం దాని గురించి. నాకిక ఈ ఆట అక్కర్లేదేమో. ఇది కాకుండా నాకింకేం వచ్చు?"

క్లిప్పు పట్టుకున్న అతని చెయ్యి ఆగిపోయింది.

మర్నాడు పదకొండింటికి మ్యాచ్. ఆమె లేచేసరికే నిర్ణయం అయిపోయింది. బాత్‌రూమ్‌లో మణికట్టుకు తనే కట్టు కట్టుకుంది. రిఫరీ గదికి వెళ్లి నొప్పిగా ఉంది, ఆడలేనని చెప్పాలి. బాబాయికి కూడా అదే చెప్పాలి. కాళ్లు మాత్రం స్ట్రింగింగ్ గదికి తీసుకొచ్చాయి. ఆడనప్పుడు రాకెట్లెందుకు?

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "తలుపు వేస్తారా?" అన్నాడు. "ఈ మూడు రోజులూ మీరు చెప్పిన నంబరు ఒక్కటీ నేను బిగించలేదు."

"అంటే?"

అతను యంత్రానికి బిగువు కొలిచే స్ప్రింగు తగిలించాడు. యాభై అయిదు పెట్టాడు. ముల్లు యాభై రెండు దగ్గర ఆగింది. నలభై ఎనిమిది పెట్టాడు. ముల్లు మళ్లీ యాభై రెండు దగ్గరే ఆగింది.

"లోపల ఇరుక్కుపోయింది. రోజూ పొద్దున దీన్ని సరిచూశాకే పని మొదలుపెట్టాలి. తలుపు తీయడం, మీతో మాటల్లో పడడం, మూడు రోజులూ మర్చిపోయాను. ఇవాళ మీరు ఆలస్యంగా వచ్చారు. చూశాను."

"రాయిలా ఉందన్నది?"

"యాభై రెండు."

"దూదిలా ఉందన్నది?"

"అదీ యాభై రెండే."

ఆమె స్టూలు మీద కూలబడింది. ఇన్నాళ్లూ భయాన్ని నెట్టేయడానికి రాకెట్లుండేవి. విప్పి, బిగించి, మార్చుకోవచ్చు. ఇప్పుడు మార్చడానికి తను తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇంకెవరికి చెప్పారు?"

"ముందు మీకే. తర్వాత మా హెడ్‌కి. పంపించేస్తాడు."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలీదు."

"మరి?"

"కోర్టులో నిలబడేది మీరు. చేతిలో ఏముందో మీకు తెలియాలి కదా." అప్పుడు కట్టు చూశాడు. "మణికట్టుకేమైంది?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్నవాడు తన ఉద్యోగం పోయే నిజం ఇప్పుడే చెప్పి నిలబడ్డాడు.

"ఏం కాలేదు," అంది. కట్టు విప్పేసింది.

"పక్క యంత్రం బాగుంది. రెండు రాకెట్లకి టైముంది. ఎంత పెట్టమంటారు?"

"వద్దు. ఇవే చాలు."

మొదటి గేములో మూడు సర్వీసులు వలలో పడ్డాయి. మొదటి సెట్ ఆరు రెండుతో పోయింది. రెండో సెట్‌లో, చెయ్యి వణుకుతుండగానే, వణుకుతోందని తెలిసే, ఆమె బంతిని మెల్లగా తోయడం మానేసి కొట్టింది. కొన్ని బయటకు పోయాయి. ఏడు అయిదుతో ఆ సెట్ గెలిచింది. రెండు గంటల నలభై నిమిషాల తర్వాత మూడో సెట్ ఏడు అయిదుతో పోయింది.

ఆమె ప్రత్యర్థితో చేతులు కలిపింది, సంచీ భుజాన వేసుకుంది, నడవా దాటింది. పోయిన నెల ఓడినప్పటి హాయి ఎప్పుడొస్తుందా అని బెదురుతూ నడిచింది. అది రాలేదు. స్ట్రింగింగ్ గది తలుపు దగ్గర ఏడుపొచ్చింది.

అతను సామాను అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

"ఓడిపోయాను."

"టీవీలో చూశాను."

"గెలవాల్సింది మాస్టారూ! మూడో సెట్‌లో అయిదు అయిదు దగ్గర ఆ బాల్ బయటకు కొట్టకుండా ఉంటే..." వెక్కిళ్ల మధ్య ఆగింది. "కడుపు రగిలిపోతోంది. ఎంత బాగుందో తెలుసా?"

అతను తన తువ్వాలు ఇచ్చాడు. దానికి మెషీన్ నూనె వాసన.

"ఉద్యోగం పోయింది కదా, నాతో రండి," అంది. "నా రాకెట్లు చూసుకోండి. జీతం సంగతి బాబాయి మాట్లాడతాడు."

"రాలేను."

"ఏం?"

"జీతం తీసుకునేవాడు మీరంటే ఇష్టమని చెప్తే బావుండదు. అందుకని జీతం వద్దనుకుని ముందు ఇది చెప్తున్నాను."

ఆమె గుండె రెండో సర్వీసప్పటిలా కొట్టుకుంది.

"మళ్లీ చెప్పండి."

"ఎందుకు?"

"భయంతో సరిగా వినపడలేదు."

"చెప్పేవాణ్ని నేను. భయం మీకా?"

"మీరొక్కరే భయపడాలా ఏంటి?"

గుమ్మంలో దగ్గు వినిపించింది. బాబాయి ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"వాళ్ల హెడ్ అంతా చెప్పాడు. మూడు రోజులు యంత్రం చూడనివాడు రేపు ఇంట్లో గ్యాస్ కట్టేస్తాడని నమ్మకమేంటే అమ్మలూ?"

"నేను కట్టేస్తాలే బాబాయ్."

"సరే, మీ అమ్మకి నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు." అతని వైపు తిరిగి కళ్లజోడు సవరించుకున్నాడు. "బాబూ, అన్నం తిన్నావా పొద్దున్నుంచీ? తినలేదా? పద."

"మీరిద్దరూ తినండి," అంది ఆమె, తువ్వాలుతో ముఖం తుడుచుకుని. "బాబాయ్, ప్రాక్టీసు కోర్టు ఏదైనా ఖాళీ ఉందా? సెకండ్ సర్వీస్ ఒక వంద వెయ్యాలి."

"ఇప్పుడా? భయం పోయిందా?"

"పోలేదు."

ఆమె తనంతట తాను కోర్టు అడిగి ఎనిమిది నెలలైంది. బాబాయి ఇంకో ప్రశ్న వెయ్యలేదు. కోర్టులు ఇచ్చే ఆఫీసు మూసేస్తారేమోనని నడవాలో పరుగు తీశాడు.