రాత్రి పదిన్నర మెయిల్

"తిని పండుకొమ్మననీకి మీరెవరు?" అని అడిగింది పూర్ణిమ, తడిసిన గొడుగు ఇంకా ముడవకుండానే.

కోదాడలోని ఆ లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోకి ఆడపిల్ల అడుగుపెట్టడమే అరుదు. వచ్చీరాగానే పోట్లాటకు దిగడం మరీ కొత్త. టేబుల్ వెనక కూర్చున్న వేణు గబుక్కున లేచి నిలబడ్డాడు. గొడుగు వైపు చూశాడు, ఆ తర్వాత ఆమె వైపు చూశాడు. చూపు ఇక వెనక్కి రానంది.

పూర్ణిమది వేములపల్లి. మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు ఆఫీసులో పనిచేస్తుంది. బియ్యం లోడ్లకు లారీలు కావాలంటే వేణుకి మెయిల్ పెట్టాలి. నోటిమాటను నమ్మని మిల్లు సేటు పెట్టిన రూలు అది. ఇన్నాళ్లూ ఇద్దరూ డియర్ సర్, డియర్ మేడమ్ అని రాసుకోవడమే తప్ప ఒకరి మొహం ఒకరికి తెలియదు. మొన్న మాత్రం వేణు లారీ నంబరు కింద ఒక మాట అదనంగా చేర్చాడు. "మరీ ఇంత కష్టపడకండి మేడమ్. హాయిగా తిని పడుకోండి."

పొద్దున్నే పనిలో కూర్చుంటూ ఈ మాట చదివితే ఎవరికి మండదు? పైగా పక్క సీటులోని గుమస్తా పరశురాములు దాన్ని చదివి, హమాలీల దాకా చెప్పి నవ్వించాడు. మేనత్తను చూడటానికి కోదాడ బస్సెక్కిన పూర్ణిమ, అత్త ఇల్లు తర్వాత చూసుకోవచ్చని ముందు ఇక్కడికే వచ్చింది.

"వెటకారం కాదండీ. మీరు చేసే పని చూసి జాలేసి రాశాను" అన్నాడు వేణు.

"గీడ కూసున్నోళ్లకు నా పని ఎట్ల కనబడ్డది?"

"మీ మెయిళ్లు చూస్తే తెలియదా అండీ."

 పూర్ణిమ మిల్లులో చేరిన నాటి నుంచి, నువ్వు కష్టపడుతున్నావు అన్న మనిషి ఒక్కరూ లేరు. గొడుగు ముడిచింది. వేణు చాయ్ తెప్పించాడు. వాన తగ్గేదాకా కూర్చుని, మాటకో అండీ తగిలించే అతని కోదాడ మర్యాదను ఆమె తీరిగ్గా ఆటపట్టించింది. వాన తగ్గినందుకు వేణుకి ఆ రోజు నిజంగా బాధేసింది.

వాళ్లిద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. మనం ముందే తెలుసుకుందాం.

మిల్లులోని కంప్యూటర్ ఎవరో వాడి అమ్మేసినది. దాని టైమ్ జోన్ అమెరికా పడమటి తీరానిది. ఏదో విచిత్రమైన టైమ్ చూపిస్తోందని పరశురాములు విసుక్కుని, జోన్ జోలికి పోకుండా, గోడ గడియారం చూసి అంకెలు మార్చేశాడు. గోడ మీద పది, కంప్యూటర్‌లో పది. ఇంకేం కావాలి?

కానీ పూర్ణిమ పొద్దున పదికి పెట్టిన మెయిల్, అమెరికాలో పొద్దున పది అని ముద్ర వేయించుకుని బయలుదేరేది. కోదాడలో వేణు మెయిల్ సాఫ్ట్‌వేర్ బుద్ధిగా దాన్ని మన టైమ్‌లోకి మార్చి, రాత్రి పదిన్నర అని చూపించేది. వేణు రోజూ తెల్లారగానే మెయిళ్లు చూసుకుని మేళ్లచెరువు సిమెంట్ లోడ్లకు వెళ్లిపోతాడు. ఆమె మెయిల్ అతని కంటపడేది మర్నాడే. అందుకే అతని దృష్టిలో పూర్ణిమ, రాత్రి పదిన్నర దాకా మిల్లులో మగ్గిపోయే పాపం పిల్ల. ఆమె దృష్టిలో అతను, అడక్కుండానే కష్టం తెలుసుకునే మనిషి. తప్పుడు గడియారం ఇంత మంచి పని కూడా చేస్తుంది.

చేసింది కూడా. లారీ నంబర్ల కింద మాటలు పెరిగాయి, డియర్లలోంచి సర్, మేడమ్ ఊడిపోయాయి. ఫోన్ నంబర్లు ఇద్దరి దగ్గరా ఉన్నాయి, ధైర్యం మాత్రం మెయిల్లోనే వచ్చేది. ఏదో ఒక బండి వంక పెట్టుకుని వేణు మిర్యాలగూడ వెళ్లి రావడం కూడా మొదలైంది. బండికి లేని రోగాలన్నీ అంటగడుతున్నావని డ్రైవర్లు ఏడిపించేవారు.

ఇంతలో వేణు తండ్రి గౌరయ్య సూర్యాపేట సంబంధం తెచ్చాడు. ఆదివారం వెళ్లి తాంబూలాలు పుచ్చుకుందామన్నాడు.  గురువారం తెల్లారగానే వేణు ఆఫీసులో కూర్చుని పూర్ణిమకు రాశాడు. ఇంట్లో సూర్యాపేట సంబంధం ఖాయం చేస్తామంటున్నారు, నేనంటే మీకు ఇష్టమని ఒక్క మాట చెప్తే వద్దంటాను, అని.

అడిగే పద్ధతేనా అది? ఆ పొద్దున మిల్లులో అది చదివిన పూర్ణిమకు ఒళ్లు మండింది. నేను ఊఁ అనకపోతే ఆ పిల్లను చేసుకుంటాడన్నమాట అనుకుంది. "నాకు ఇష్టం లేదు. సూర్యాపేటే వెళ్లండి" అని కొట్టి పంపేసింది.

ఆ తర్వాత దినమంతా ఏ పనీ సాగలేదు. లోడ్ల బిల్లులు తారుమారయ్యాయి. ఇంటికి వెళ్లే బస్సులో కిటికీ మీద వాన జల్లు కొడుతుంటే, అతను లేకుండా తనకు కుదరదని ఆమెకు తేలిపోయింది. ఫోన్లోనే మిల్లు మెయిల్ తెరిచి రాసింది. "నాకు ఇష్టమే. మీ ఇంట్ల చెప్పండి."

ఫోన్‌కు తానెక్కడ ఉందో తెలుసు. అది సాయంత్రం ఆరు అనే చెప్పింది.

శుక్రవారం తెల్లారి వేణు కంప్యూటర్‌లో రెండు మెయిళ్లు ఉన్నాయి. కింద, నిన్న సాయంత్రం ఆరుకు, ఇష్టమే. దాని పైన, అన్నిటికన్నా ఆఖరున, నిన్న రాత్రి పదిన్నరకు, ఇష్టం లేదు.

వేణు రెండూ పదేపదే చదివాడు. సాయంత్రం మనసులో మాట చెప్పింది, ఇంటికెళ్లి అడిగితే పెద్దవాళ్లు కాదన్నారు, రాత్రి ఏడుస్తూ ఇది రాసి ఉంటుంది అనుకున్నాడు. ఫోన్ చేసి ఆ పిల్లను ఇంకా బాధపెట్టడం న్యాయం కాదనుకున్నాడు. మంచివాళ్లతో వచ్చే చిక్కే ఇది. అన్నం సహించకపోయినా, సూర్యాపేటకు సరేనని ఇంట్లో చెప్పేశాడు.

అక్కడ పూర్ణిమ శుక్రవారమంతా జవాబు కోసం చూసింది. ఇష్టమని చెప్పాక కూడా పలకని మనిషిని ఎన్నిసార్లు అడుక్కుంటారు? శనివారం పొద్దున మిల్లుకు రాగానే, ఇక నుంచి లారీల సంగతి పరశురాములుతో మాట్లాడమని పొడిగా ఒక మెయిల్ పెట్టింది. పెట్టి, బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం కడుక్కుంది.

శనివారం వాన వల్ల మేళ్లచెరువులో లోడింగ్ ఆగింది. దానితో వేణు ఆఫీసులోనే ఉన్నాడు. అతను చూస్తుండగానే ఆ మెయిల్ వచ్చి పడింది. చదివాడు. పక్కనున్న టైమ్ మీద కన్నుపడింది. ఈ రోజు తేదీ, రాత్రి పదిన్నర.

కిటికీలోంచి బయటికి చూశాడు. పట్టపగలు. ఆ రాత్రి ఇంకా రానేలేదు.

వెంటనే పరశురాములుకు ఫోన్ చేసి, మీ దగ్గర టైమెంతని అడిగాడు.

"పొద్దుగాల పది దాటింది. ఏం, గడియారం లేదా మీకు?"

"మీ కంప్యూటర్‌లో టైమ్ ఎవరు పెట్టారు?"

"నేనే. గోడ గడియారం సూసి పెడ్త. నిమిషం తేడా ఉండది."

టైమ్ జోన్ అన్నచోట ఏముందో చూడమన్నాడు వేణు. అవతల కుర్చీ కిర్రుమంది.

"ఏందో అమెరికా అని ఉన్నది. ఊరేదైతేంది, గంట సరిగనే ఉన్నది గద" అన్నాడు పరశురాములు.

వేణు ఫోన్ పెట్టేసి నవ్వాడు. లేదన్నది పొద్దున, ఇష్టమన్నది సాయంత్రం. ఆమె ఆఖరి మాట ఇష్టమే. రెండు రోజులుగా తాను పోగొట్టుకున్నాననుకున్నది అసలు పోనేలేదు.

మిర్యాలగూడకు వెళ్తున్న ఖాళీ లారీ ఎక్కేశాడు. దారిలో ఇంటికి ఫోన్ చేసి, సూర్యాపేట వద్దన్నాడు. గౌరయ్య పరువు గురించి చాలాసేపు కేకలేశాడు. తల్లి కాటమ్మ ఫోన్ లాక్కుని, ఎవరా పిల్ల అని ఒక్కటే అడిగింది. వేణు అంతా చెప్పాడు. అంతా విని ఆమె ఫోన్ పెట్టేసింది.

మిల్లు రేకుల కింద పూర్ణిమ లోడ్ చూసుకుంటోంది. అతన్ని చూసి మొహం తిప్పుకుంది.

"మీ మెయిళ్లు వెనకా ముందూ చేసి చదివానండీ" అంటూ వేణు, ఆఫీసు కంప్యూటర్ తెరను ఫోటో తీసిన ఫోన్ చేతికిచ్చాడు. రెండు మెయిళ్లూ, వాటి పక్కన గంటలూ చూసుకున్న పూర్ణిమకు విషయం అర్థమయ్యేసరికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

"పొద్దుగాల కోపంల అన్న. దినమంత పరేషానైన. పొద్దూకినంక అన్నదే నా మాట. ఇగ మెయిల్ గియిల్ వద్దు, నోటితోనే చెప్తున్న. నాకు నువ్వంటే ఇష్టం."

మీరు పోయి నువ్వు వచ్చినందుకు వేణు మురిసిపోయాడు. నాకూ నువ్వంటే ప్రాణం అన్నాడు. అండీ అనడం మర్చిపోయాడు.

అప్పుడే ఫోన్ మోగింది. కాటమ్మ. కొడుకుతో మాట్లాడనంది, ఆ పిల్లకివ్వమంది. పూర్ణిమ రెండు చేతులా ఫోన్ పట్టుకుంది.

"మీ మామయ్యను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. రేపు వేములపల్లి వస్తాం. మీ నాన్న ఇంట్లో ఉంటాడా తల్లీ?"

 కోదాడ దాకా వెళ్లి పోట్లాడిన పూర్ణిమ ఒకసారి వేణు వైపు చూసి, తల దించుకుంది.

"ఉంటడు అత్తమ్మా" అంది.